మిద్దె మీద సోలార్ స్టిల్: ఇంత ఎండలో లీటరున్నరేనా?

కనిగిరి మిద్దె:
ఇన్వర్టర్ బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ కొనడం దండగనిపించి సొంతంగా స్టిల్ కట్టాను, అంటే ఎండ వేడికి నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరిని మళ్లీ నీరుగా పట్టే పెట్టె. చదరపు మీటరు రేకు తొట్టి, లోపల నల్ల పెయింటు, పైన ఏటవాలుగా గాజు, దాని అంచున నీళ్లు దిగే కాలువ. తొట్టిని నేరుగా శ్లాబు మీదే పెట్టాను. బోరు నీళ్లు నాలుగంగుళాల లోతు పోస్తున్నాను. మే ఎండ మాడ్చేస్తున్నా సాయంత్రానికి లీటరున్నరకు మించి రావడం లేదు. గాజు ముట్టుకుంటే చురుక్కుమంటోంది. వేడంతా అక్కడి నుంచే పోతోందా? రెండో గాజు వేయమంటారా?

పాత ఫిజిక్స్ మాస్టారు:
వద్దు బాబూ. ఆవిరి చల్లబడి నీరు కావాల్సింది లోపలి గాజు మీదే, దానికి దుప్పటి కప్పితే ఎలా? గాజుకు తగిలే వేడిలో చాలా భాగం ఆవిరి నీరవుతూ వదిలినదే. అది బయటికి పోయి తీరాలి.

కరెంటు బిల్లు యూనిట్లలో లెక్క చెబుతాను. 60 డిగ్రీల దగ్గర లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 0.65 యూనిట్ పడుతుంది. మీ గాజు మీద రోజంతా పడే ఎండ 6 యూనిట్లనుకుందాం. వేడి ఏమాత్రం వృథా కాకపోతే 9 లీటర్లు రావాలి. మీకు దక్కింది అందులో ఆరో వంతు.

నాలుగంగుళాలంటే 100 లీటర్లు. వాటిని 30 డిగ్రీలు వేడెక్కించడానికే మూడున్నర యూనిట్లు కావాలి! అందులో కొంత రాత్రి ఆవిరిగా తిరిగొస్తుంది, కాబట్టి తెల్లవారాక కూడా కాలువ చూడండి. చాలా వరకు రేకు గుండా శ్లాబులోకి దిగిపోతుంది. ఇంటిపైకప్పును కాచుకుంటున్నారన్న మాట.

ఇంకో సంగతి. నీటి నుంచి గాజుకు వేడి ఆవిరిగా, గాలి కదలికగా, వికిరణంగా వెళుతుంది. మనకు పనికొచ్చేది మొదటిదొక్కటే. నీటి ఆవిరి పీడనం 30 డిగ్రీల దగ్గర 4.2 కిలోపాస్కల్ అయితే 60 దగ్గర దాదాపు 20. మిగతా రెండూ అంత జోరుగా పెరగవు. అందుకే నీరు ఎంత వేడెక్కితే ఆవిరి వాటా అంత పెరుగుతుంది. లోతు అంగుళం లోపు ఉంచండి. తొట్టి కిందా పక్కలా రెండంగుళాల థర్మోకోల్ పెట్టండి. తొట్టి ఎండిపోతే మాత్రం ఆ వేడికి థర్మోకోల్ కుంగిపోతుంది.

కనిగిరి మిద్దె:
మాస్టారూ, నీటి మీద తేలే గ్రాఫైట్ పొరతో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో పడిన ఎండలో 85 శాతాన్ని ఆవిరికే వాడగలిగారని చదివాను. అది?

పాత ఫిజిక్స్ మాస్టారు:
అది పది రెట్లు కేంద్రీకరించిన ఎండలో. పైగా ఆ శాతం ఆవిరైన నీటికి, పట్టుకున్న నీటికి కాదు. పై పొరను మాత్రమే వేడి చేయాలన్న ఆలోచన మాత్రం బంగారం. థర్మోకోల్ పలక మీద నల్లటి నూలు గుడ్డ పరిచి, అంచులు నీటిలో మునిగేలా వేసి చూడండి.

చినగంజాం ఉప్పు మడి:
ఆ గుడ్డ మీద ఉప్పు పేరుకుంటుంది, జాగ్రత్త. మా మళ్లలోనూ నీరు చిక్కబడేకొద్దీ ఆవిరి మందగిస్తుంది. వారానికోసారి తొట్టి కడగండి. అడుగున తెల్లపొర కడితే నలుపు పోయి ఎండ తిరిగి బయటికి పోతుంది. చిలీలోని లాస్ సాలినాస్ గనుల దగ్గర 1872లో ఇలాంటి స్టిల్స్ 4,000 చదరపు మీటర్లకు పైగా కట్టి, కంచర గాడిదలకు తాగునీరు తీశారు. అక్కడా చదరపు మీటరుకు రోజుకు వచ్చింది అయిదు లీటర్ల లెక్కే.

కనిగిరి మిద్దె:
అంగుళం లోపంటే మధ్యాహ్నం మళ్లీ పోయాలా?

పాత ఫిజిక్స్ మాస్టారు:
అక్కర్లేదు. అరంగుళమంటేనే 12 లీటర్లకు పైగా, రోజుకు మూడు నాలుగు లీటర్లే తగ్గుతుంది. పొద్దున్నే పోయండి. మిట్టమధ్యాహ్నం చన్నీళ్లు చిందితే గాజు పగులుతుంది.