అపార్ట్‌మెంట్‌లో ఏఈడీ కొనాలా, ఆ డబ్బుతో అందరికీ సీపీఆర్ నేర్పించాలా?

నిజాంపేట_సీబ్లాక్

మాది 160 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. వచ్చే ఆదివారం జనరల్ బాడీ మీటింగ్ ఉంది. ఏఈడీ (గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే పెట్టె) ఒకటి కొందామని అజెండాలో పెట్టించాను. కొటేషన్ లక్షా పదివేలకి వచ్చింది. ఆ డబ్బుతో అందరికీ సీపీఆర్ (పడిపోయినవాళ్ళ ఛాతీ మీద నొక్కడం) నేర్పిద్దామని వాట్సాప్ గ్రూపులో అప్పుడే గొడవ మొదలైంది కాబట్టి, తెలిసినవాళ్ళ మాట వినిపోదామని ఇక్కడ అడుగుతున్నా.

ఎందుకు పట్టుబడుతున్నానో చెప్తాను. సంక్రాంతి వెళ్ళిన వారానికి, సెల్లార్లో షటిల్ ఆడుతూ మా బ్లాక్ అంకుల్ ఒకాయన కుప్పకూలిపోయారు. 58 ఏళ్ళు. నేను అక్కడే ఉన్నాను. ఒకరు మొహాన నీళ్ళు కొట్టారు, ఇద్దరు అరికాళ్ళు రుద్దారు, ఫిట్సేమో అని ఎవరో చేతిలో తాళాలగుత్తి పెట్టారు. గుర్రుగుర్రుమని ఆగి ఆగి గురక వస్తోంది. "ఊపిరాడుతోంది, ఏం కాదు" అన్నది నేనే. అది ఊపిరి కాదని తర్వాత డాక్టర్ చెప్పారు. అంబులెన్స్ వచ్చేసరికి 17 నిమిషాలు పట్టింది. వాళ్ళ తప్పేం లేదు, అది సాయంత్రం ఏడింటి ట్రాఫిక్. వస్తూనే చొక్కా కత్తిరించి, ప్యాడ్లు అంటించి షాక్ ఇచ్చారు. గుండె తిరిగి రాలేదు.

అదే పెట్టె మా గేటు దగ్గర ఉండుంటే? రెండు నెలలుగా ఇదే ఆలోచన.

పద్దులపుస్తకం

మీ బాధ అర్థమైంది. అయినా నేను వద్దనే అంటాను. మా అసోసియేషన్‌కి ఏడేళ్ళు ట్రెజరర్‌గా చేసిన అనుభవంతో చెప్తున్నా.

లక్షాపది కొనేటప్పటి ఖర్చు మాత్రమే. ప్యాడ్లకి రెండేళ్ళ ఎక్స్‌పైరీ ఉంటుంది, బ్యాటరీ నాలుగైదేళ్ళకి మార్చాలి. కమిటీ ఏటా మారుతుంది, కొత్తవాళ్ళకి ఆ డబ్బా సంగతే గుర్తుండదు. ముందు మీ అపార్ట్‌మెంట్‌లో ఫైర్ సిలిండర్ల మీద రీఫిల్ తేదీలు చూసి రండి. మా దగ్గర పన్నెండింట్లో తొమ్మిదికి గడువు దాటిపోయింది.

ఇంకోటి. ఇళ్ళలో ఏఈడీ పెట్టి చూసిన పెద్ద అధ్యయనం ఒకటి 2008లో వచ్చింది. అప్పటికే గుండెపోటు వచ్చి కోలుకున్న 7,001 మందిలో సగం ఇళ్ళకి ఏఈడీలిచ్చారు, మిగతా సగానికి సీపీఆర్ నేర్పి ఊరుకున్నారు. మూడేళ్ళు చూశాక రెండు వైపులా చావులు దాదాపు సమానం. అంటే గుండెజబ్బు ఉందని ముందే తెలిసిన ఇళ్ళలోనే దానివల్ల లెక్కలో తేడా రాలేదు. సెల్లార్లో పెడితే వస్తుందా?

ఐసీయూ_అక్క

పద్దులపుస్తకం గారూ, ఆ అధ్యయనం నిజమే. కానీ అందులో చాలామంది పడిపోయినప్పుడు పక్కన చూసినవాళ్ళే లేరు. నిద్రలో పోయినవాళ్ళని ఏ యంత్రం కాపాడుతుంది? షటిల్ కోర్టులో పదిమంది కళ్ళముందు పడిన మనిషి సంగతి వేరు.

రెండు పదాలు కలిపేస్తున్నారు, ముందు అవి విడదీద్దాం. గుండెపోటు అంటే రక్తనాళం పూడుకుపోవడం. మనిషి నొప్పితో మూలుగుతాడు, చెమటలు పడతాయి, మాట్లాడతాడు. అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఏఈడీతో పని లేదు. కార్డియాక్ అరెస్ట్ అంటే గుండె రక్తం తోయడమే మానేయడం. మనిషి పిలిస్తే పలకడు, సరిగ్గా ఊపిరి తీయడు. అందులో చాలాసార్లు గుండె ఆగిపోయి ఉండదు, లయ తప్పి వణుకుతూ ఉంటుంది. ఆ వణుకుని ఆపేది షాక్ ఒక్కటే. ఏమీ చేయకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పడిపోతుంది. ఛాతీ మీద నొక్కుతూ ఉంటే ఆ పడిపోవడం నెమ్మదిస్తుంది. అందుకే సీపీఆరా, ఏఈడీనా అన్న ప్రశ్నే తప్పు. మొదటిది రెండోదానికి టైం సంపాదించి పెడుతుంది.

ఏఈడీ పొరపాటున షాక్ ఇచ్చేస్తుందేమో అని భయపడకండి. అది గుండె లయ చదివాకే షాక్ కావాలా వద్దా అని చెప్తుంది. సినిమాల్లో మానిటర్ మీద గీత సాఫీ అయిపోగానే షాక్ ఇస్తారు, అది అబద్ధం. గీత సాఫీగా ఉంటే యంత్రం షాక్ వద్దంటుంది, నొక్కుతూ ఉండమంటుంది.

సీబ్లాక్ గారూ, ఆ గురక మీరొక్కరే కాదు, చదువుకున్నవాళ్ళు చాలామంది ఊపిరి అనుకుంటారు. మనసులో పెట్టుకోకండి.

డిపో_అన్న

నాకు ఈ చర్చంతా గేటు లోపలి చర్చలా ఉంది. ఆర్టీసీలో 22 ఏళ్ళు కండక్టర్‌గా చేశాను. బస్టాండులో మనిషి పడిపోతే డబ్బులేసుకుని డబ్బా కొనే అసోసియేషన్ ఎవరిది? ఎంజీబీఎస్‌లో, అలిపిరి మెట్ల మీద, మేడారం జాతరలో పెట్టమని అడగాలి గానీ, 160 ఫ్లాట్లవాళ్ళు తమవరకు కొనుక్కుంటే ఊరికేం ఒరిగింది?

లెక్క కూడా నా వైపే ఉంది. మా అబ్బాయి చదివి వినిపించాడు. షికాగో విమానాశ్రయాల్లో గోడలకి ఏఈడీలు తగిలించాక రెండేళ్ళలో 18 మందికి అలా గుండె వణికిపోతే 11 మందిని బతికించారట. అందులో ఆరుగురిని కాపాడినవాళ్ళకి ఆ యంత్రం వాడటంలో శిక్షణే లేదు. లాస్ వేగస్ కేసినోల్లో అయితే సెక్యూరిటీ గార్డులు చేశారు, మూడు నిమిషాల్లోపు షాక్ అందినవాళ్ళలో 74 శాతం బతికారు. జనం తిరిగే చోట పెడితేనే ఫలితం. 2023 ఫిబ్రవరిలో ఆరాంఘర్ చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒకాయన రోడ్డు మీదే సీపీఆర్ చేసి మనిషిని నిలబెట్టాడు, అందరం వీడియో చూశాం. ఆ కూడలిలో యంత్రం కూడా ఉండాలి కదా.

నిజాంపేట_సీబ్లాక్

అన్నా, మీరన్నది కాదనను. కానీ బస్టాండులో పెట్టేదాకా నేను సెల్లార్లో పెట్టకూడదా? ఎక్కువ అరెస్టులు జరిగేది ఇళ్ళలోనే అని కూడా చదివాను.

ఉడ్‌లాండ్స్_తెలుగు

సింగపూర్ నుంచి. మేముండేది ప్రభుత్వం కట్టిన హెచ్‌డీబీ ఫ్లాట్లలో. ఇక్కడ రెండు బ్లాకులకి ఒక ఏఈడీ చొప్పున కింద లిఫ్ట్ లాబీలో పెట్టారు. రోజూ పాల ప్యాకెట్ తెచ్చుకుంటూ దాని ముందునుంచే వెళ్తాను. మై రెస్పాండర్ అని యాప్ ఉంది. 400 మీటర్లలోపు ఎవరికైనా అరెస్ట్ అని కాల్ వస్తే నా ఫోన్ మోగుతుంది, దగ్గర్లో ఏఈడీ ఎక్కడుందో చూపిస్తుంది.

ఒకసారి మోగింది. పరిగెత్తాను. నాకంటే ముందే ఒక మలే ఆంటీ నొక్కుతూ ఉంది, నేను పెట్టె తెరిచాను. చెమటతో ఛాతీ తడిగా ఉంటే ప్యాడ్ అంటలేదు, నా టీషర్టుతోనే తుడిచాను. యంత్రం చెప్పినట్టు చేశాం. అంబులెన్స్‌వాళ్ళు తీసుకెళ్ళారు, తర్వాత ఏమైందో మాకు చెప్పరు. నేననేది ఏంటంటే, పెట్టె ఒక్కటీ సరిపోలేదు. అది ఎక్కడుందో ఫోన్ చెప్పింది, నొక్కడానికి ఆంటీ ఉంది. మన దగ్గర 108కి కాల్ చేస్తే "మీ పక్క సందులో ఏఈడీ ఉంది" అని చెప్పే జాబితా కావాలి. ముందు అది అడగండి.

కోర్టుపక్షి

చాలామంది నోరు తెరిచి అడగని భయం ఒకటుంది: "మనం చెయ్యేశాక పోతే కేసు మన మీదకొస్తుందా?" సాయం చేసినవాళ్ళని కాపాడే సెక్షన్ 134ఏ మోటారు వాహనాల చట్టంలో ఉంది, కానీ అది రోడ్డు ప్రమాదాల వరకే. అపార్ట్‌మెంట్‌లో పడిపోయినవాళ్ళ విషయంలో భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ చూడండి. స్పృహలేని మనిషి మేలు కోరి, సదుద్దేశంతో చేసిన పని నేరం కాదు. అయినా నా ఉద్దేశంలో ఇది చాలదు. ఏఈడీ వాడినవాళ్ళకి రక్షణ అని చట్టంలో విడిగా, సూటిగా ఉండాలి. వాచ్‌మన్‌కి సెక్షన్లు తెలియవు, అతనికి ధైర్యం రావాలి.

పద్దులపుస్తకం

వాచ్‌మన్ దగ్గరే నా అభ్యంతరం. మధ్యాహ్నం మూడింటికి అపార్ట్‌మెంట్‌లో ఉండేది ఎవరు? ముసలివాళ్ళు, పనిమనుషులు, వాచ్‌మన్, ఇస్త్రీ అతను. మీటింగ్‌కి వచ్చి చప్పట్లు కొట్టేవాళ్ళు ఎవరూ ఉండరు. సీపీఆర్ నేర్పిస్తే వాళ్ళకి నేర్పించాలి. ఏ అపార్ట్‌మెంటైనా అలా చేసిందా? చెయ్యకుండా కొన్న డబ్బా గోడకి అలంకారమే. ఈ ఒక్క ముక్క మీద నేను తగ్గను.

ఐసీయూ_అక్క

ఈ ముక్క మీద నేనూ మీతోనే. మీ ప్రశ్నకి జవాబు: ఒక అపార్ట్‌మెంట్‌లో నేనే నేర్పించాను. వాచ్‌మన్ భార్య అందరికంటే బాగా చేసింది. రోకలి పట్టిన చేతులు, మోచేతులు వంగకుండా నిమిషానికి 110 చొప్పున నొక్కింది. ఐదారు సెంటీమీటర్లు దిగాలి అంటే ఉద్యోగస్తులు పక్కటెముకలు విరుగుతాయేమో అని పైపైన నొక్కారు.

ఇంకోటి మొహమాటం లేకుండా చెప్పాలి. పడిపోయింది ఆడమనిషైతే మగవాళ్ళు వెనక్కి తగ్గుతారు. ప్యాడ్లు ఒంటికి అంటాలి: ఒకటి కుడి జత్రుక (మెడ కింది అడ్డ ఎముక) కింద, ఒకటి ఎడమ చంక కింద. జాకెట్ కత్తిరించాలి, పుస్తెలతాడు పక్కకి జరపాలి. చీర కొంగో దుప్పటో అడ్డుపెట్టి నలుగురు ఆడవాళ్ళు చుట్టూ నిలబడితే చాలు. మీ మీటింగ్‌లో ఈ మాట ఎవరూ ఎత్తరు, మీరే ఎత్తండి.

నిజాంపేట_సీబ్లాక్

అజెండా మార్చి పంపించాను. ముందు శిక్షణ: వాచ్‌మన్లు, పనివాళ్ళు, రిటైరైన పెద్దలు, ఆ తర్వాతే మిగతావాళ్ళు. అక్కా, మీకు మెసేజ్ పెడతాను, ఒక శనివారం రండి. ఏఈడీ కొనుగోలు అలాగే ఉంచాను, తీసేయమన్నా తీయలేదు. ప్యాడ్లు, బ్యాటరీ తేదీలు లిఫ్ట్ ఏఎంసీ (ఏటా చేసే మెయింటెనెన్స్ ఒప్పందం) రిజిస్టర్లోనే రాయిస్తాను, అదైతే ప్రతి కమిటీ చూస్తుంది.

డిపో_అన్న

ఎక్కడ పెడుతున్నారు?

నిజాంపేట_సీబ్లాక్

ముందు సెల్లార్ అనుకున్నాం. ఇప్పుడు గేటు బయటి గోడకి, సీసీ కెమెరా కింద. రోడ్డు మీద టీ బండి దగ్గర ఎవరైనా పడిపోయినా అందాలి అన్నా. తాళం వెయ్యం.