లీడ్ క్లైంబింగ్‌లో (తాడు తగిలించుకుంటూ గోడ ఎక్కే పోటీలో) 34కీ 34+కీ తేడా ఏంటి?

ప్రశ్న: ఇద్దరూ 34వ హోల్డ్ (గోడ మీది పట్టు) దగ్గరే జారిపడ్డారు. ఒకరికి స్కోరు 34, మరొకరికి 34+. ఎందుకండీ?

జవాబు: హోల్డ్‌ని అదుపులోకి తెచ్చుకుంటే 34. అక్కడి నుంచి తర్వాతి హోల్డ్ వైపు శరీరాన్ని అదుపుతో కదిలిస్తే ప్లస్. పడిపోతూ చెయ్యి విసిరితే రాదు. ఫైనల్లో సమానమైతే ముందు సెమీఫైనల్ ఫలితం, ఆ తర్వాతే సమయం చూస్తారు.

ఇంకో జవాబు: ఇక సమయం సంగతికొస్తే, ఎక్కడానికిచ్చే ఆరు నిమిషాల్లో అసలు గండం జడ్-క్లిప్పే, అంటే తాడును తప్పుగా తగిలించడమే. కంగారులో కింది క్విక్‌డ్రా (తాడు తగిలించే కొక్కెం) కన్నా దిగువనున్న తాడు లాగి పైదానికి తగిలిస్తారు. తాడు మెలికపడి బిగుసుకుంటుంది. విప్పి సరిచేసుకోవచ్చు, కానీ అప్పటికి ముంజేతులు పట్టేస్తాయి. నడుం దగ్గర ముడి పక్కనుంచే తాడు అందుకోవాలి.

అడిగినవారు: స్పష్టమైంది, ధన్యవాదాలండీ.