ఆల్బర్టాలో 2015లో అసలేం జరిగింది? అప్పుడు ఇక్కడున్నవాళ్లు చెప్తారా?

చలికి_కొత్త

అందరికీ నమస్తే. మాది కాకినాడ. కాల్గరీ వచ్చి ఆరేళ్లయింది, పోయిన నెలలోనే సిటిజన్‌షిప్ ప్రమాణం చేశాను. అంటే 2027 అక్టోబర్‌లో వచ్చే ఆల్బర్టా ఎన్నికల్లో మొదటిసారి ఓటు వేస్తానన్నమాట. ఇన్నాళ్లూ ఇక్కడి రాజకీయాలు పట్టించుకోలేదు. ఇప్పుడు తెలుసుకుందామని మొదలుపెట్టి ఒకచోట ఆగిపోయాను.

మా ఆఫీసు లంచ్ రూములో రాజకీయాలొస్తే పాతవాళ్లంతా "2015కి ముందు", "2015 తర్వాత" అంటారు. మనం "రాష్ట్రం విడిపోకముందు" అన్నట్టు. ఆయిల్ మీద బతికే ప్రావిన్స్. 44 ఏళ్లు ఒకటే పార్టీ. అలాంటి చోట అంతకుముందు ఎన్నికల్లో నాలుగంటే నాలుగు సీట్లు తెచ్చుకున్న ఎన్డీపీ (న్యూ డెమోక్రటిక్ పార్టీ, వామపక్షం వైపు ఉండే పార్టీ) ఎలా గెలిచింది? పైగా ఆ 44 ఏళ్ల పార్టీ ఇప్పుడు బ్యాలెట్ మీదే కనిపించదట, అదెలా? మా టీమ్ లీడ్‌ని అడిగితే "ఓట్లు చీలాయి, అంతే" అని శాండ్‌విచ్ కొరికాడు. నిజంగా అంతేనా?

పైప్‌లైన్ బాబాయ్

మీ టీమ్ లీడ్ చెప్పింది సగం నిజం బాబూ. మిగతా సగం చెప్పాలంటే నా సోది కూడా వినాలి, ఓపిక పట్టు.

నేను 2008లో వచ్చాను. పైపింగ్ డిజైనర్ని. డౌన్‌టౌన్‌లో ఒక ఇంజనీరింగ్ కంపెనీ, పద్నాలుగో అంతస్తు. 2014 జూన్‌లో బ్యారెల్ వంద డాలర్ల పైన ఉండేది, 2015 జనవరికి యాభై లోపుకి పడిపోయింది. అట్టపెట్టె పట్టుకుని లిఫ్ట్ కోసం నిలబడ్డ మనిషి కనిపిస్తే, పలకరించలేక ప్రింటర్ వైపు నడిచేవాళ్లం. మా ఆవిడ నెయ్యి కొనడం మానేసింది. అలాంటి శీతాకాలం దాటగానే వచ్చాయి ఆ ఎన్నికలు.

పీసీ అంటే ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్. 1971లో పీటర్ లాహీడ్ గెలిచిన దగ్గర్నుంచి రాజ్యం వాళ్లదే. 2012లో అలిసన్ రెడ్‌ఫర్డ్ 61 సీట్లతో గెలిచింది కానీ మండేలా అంత్యక్రియలకు వెళ్లొచ్చిన ఖర్చు 45 వేల డాలర్లని తేలింది. 2014 మార్చిలోనే దిగిపోవాల్సి వచ్చింది. దిగిపోయిన కొద్ది రోజులకే ఎడ్మంటన్‌లో ప్రభుత్వ భవనం పై అంతస్తులో తనకోసం వేయించుకున్న ఇంటి ప్లాను బయటపడింది. దానికి జనం "స్కై ప్యాలెస్" అని పేరు పెట్టారు.  సెప్టెంబర్‌లో జిమ్ ప్రెంటిస్ ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) అయ్యాడు. ఒట్టావాలో ప్రధాని హార్పర్ క్యాబినెట్‌లో మంత్రిగా చేసినవాడు, పెద్దమనిషి అని పేరు. అక్టోబర్‌లో నాలుగు ఉప ఎన్నికలు పెడితే నాలుగూ గెలిచాడు.

అక్కడితో ఆగలేదు. ప్రతిపక్షం పేరు వైల్డ్‌రోజ్. ఆల్బర్టా అధికారిక పువ్వు పేరే. పీసీకి ఇంకా కుడివైపున ఉండే పార్టీ, పల్లెల్లో బలం. 2014 డిసెంబర్ 17న ఆ పార్టీ నాయకురాలు డేనియెల్ స్మిత్ మరో ఎనిమిది మంది ఎమ్మెల్యేలను వెంటేసుకుని ప్రెంటిస్ పార్టీలోకి గోడ దూకింది. నవంబర్లో ఇంకో ఇద్దరు అప్పటికే దూకేశారు. వైల్డ్‌రోజ్‌కి మిగిలింది ఐదుగురు. మన దగ్గర ఎన్ని జంపింగులు చూశాం! కానీ సాక్షాత్తూ ప్రతిపక్ష నాయకురాలే అధికార పార్టీ బెంచీల్లో కూర్చోవడం నేనైతే చూడలేదు.

నా పక్క సీటు పెద్దాయన పశువుల రాంచ్‌లో పెరిగినవాడు. 2012లో వైల్డ్‌రోజ్‌కి ఓటేశాడు. ఆ రోజు లంచ్ డబ్బా తెరవలేదు. "నా ఓటు తీసుకెళ్లి నాకు చెప్పకుండా అమ్మేశారు" అన్నాడు. ఆయిల్ ధర మీద కూడా ఆయనకు అంత కోపం లేదు. నన్నడిగితే పీసీ ఓడిపోయింది మే నెలలో కాదు, ఆ డిసెంబర్ మధ్యాహ్నమే.

మార్చిలో బడ్జెట్ సమస్యకు కారణం ఎవరంటే అందరం అద్దంలో చూసుకోవాలి అన్నట్టు ప్రెంటిస్ రేడియోలో మాట్లాడాడు. ఉద్యోగాలు పోయినవాళ్లకి అది ఎలా తగిలి ఉంటుందో చూడు. తర్వాత బడ్జెట్. 50 వేలు దాటి సంపాదించేవాళ్ల మీద ఏడాదికి వెయ్యి డాలర్ల దాకా హెల్త్ లెవీ, కంపెనీల పన్ను మాత్రం ముట్టుకోలేదు. అది జనం నోట్లో నానుతుండగానే, ఇంకో ఏడాది గడువు ఉన్నా, ఏప్రిల్ 7న ఎన్నికలు ప్రకటించాడు. ఎందుకంత తొందరో! వైల్డ్‌రోజ్ చచ్చిపోయింది, ఎన్డీపీ ఎప్పుడూ లేదు, ఇక అడ్డేముంది అనుకుని ఉంటాడు. టీవీ డిబేట్‌లో ఎన్డీపీ నాయకురాలు రేచెల్ నాట్లీతో "లెక్కలు కష్టమేలెండి" అన్న ధోరణిలో ఒక మాట వదిలాడు. మా ఆవిడ ఊళ్లో లెక్కల టీచరు. టీవీ ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. మా ఇంట్లో ఓటు అక్కడే చీలింది.

మే 5న నేను పీసీకి వేశాను. భయం. ఎన్డీపీ వస్తే ఉన్న ప్రాజెక్టులు కూడా ఆగిపోతాయని ఆఫీసులో అందరూ అనేవారు. తను ఎన్డీపీకి వేసింది. ఇద్దరం ఒకే కారులో వెళ్లి ఒకరి ఓటు ఒకరం కొట్టేసుకుని వచ్చాం.

రీకౌంట్ కూడా అయ్యాక తేలిన ఫలితం: ఎన్డీపీ 54, వైల్డ్‌రోజ్ 21, పీసీ 10, మిగతా రెండు చిన్న పార్టీలకి చెరొకటి. మొత్తం 87. మా కాల్గరీలో 25 సీట్లలో 15 ఎన్డీపీకి పోయాయి. కాల్గరీ-గ్లెన్‌మోర్‌లో ఎన్డీపీకి, పీసీకి సరిగ్గా 7,015 చొప్పున వచ్చాయి! రీకౌంట్‌లో ఆరు ఓట్లతో ఎన్డీపీ గెలిచింది. అప్పటిదాకా "నా ఒక్క ఓటుతో ఏమవుతుంది" అన్న మా బావమరిది (వాడు గ్లెన్‌మోర్‌లోనే ఉంటాడు, ఆ రోజు ఓటు వేయలేదు) ఇప్పటికీ ఆ మాటెత్తితే ఫోన్ చూసుకుంటాడు.

ఇప్పుడు మీ టీమ్ లీడ్ లెక్క. ఎన్డీపీకి 40.6 శాతం, పీసీకి 27.8, వైల్డ్‌రోజ్‌కి 24.2. పీసీ, వైల్డ్‌రోజ్ కలిపితే 52. "పిల్లులు రెండూ కొట్టుకుంటే రొట్టె కోతి తినేసింది" అన్నది కన్జర్వేటివ్‌ల మాట. కానీ పీసీకి ఓట్లు ఎక్కువ, సీట్లు తక్కువ గమనించావా? వైల్డ్‌రోజ్ ఓట్లు పల్లెల్లో గుట్టగా పడ్డాయి, పీసీవి ప్రావిన్స్ అంతా పలచగా పరుచుకున్నాయి. పైగా మా ఆవిడ లాంటివాళ్లు ఉన్నారు. పీసీ లేకపోతే తను వైల్డ్‌రోజ్‌కి వేసేదా? చస్తే వేయదు. రెండు పార్టీల ఓట్లు కూడిక వేసినంత తేలిగ్గా మనుషులు కూడరు.

గోదారోడు_టొరంటో

బాబాయ్ గారూ, తొమ్మిది మంది ఒకేసారి దూకితే అనర్హత వేటు ఉండదా?

మన 23 గుర్తొచ్చింది. 2014 తర్వాత వైసీపీ నుంచి 23 మంది ఎమ్మెల్యేలను టీడీపీ లాక్కుంటే, 2019లో టీడీపీకి వచ్చినవి సరిగ్గా 23. మా నాన్న ఇప్పటికీ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్తాడు.

పైప్‌లైన్ బాబాయ్

అనర్హత లేదు, ఏమీ లేదు నాయనా. మన 1985 చట్టం లాంటిది ఆల్బర్టాలో లేదు. కుర్చీ మార్చుకుని పదవీకాలం అయ్యేదాకా కూర్చోవచ్చు. కాకపోతే ఇక్కడ మందు వేరే ఉంది. టికెట్ ఎవరికన్నది నియోజకవర్గంలోని పార్టీ సభ్యులే ఓటేసి తేలుస్తారు. డేనియెల్ స్మిత్ 2015 మార్చి 28న తన సొంత హైవుడ్ నియోజకవర్గంలో పీసీ టికెట్ కోసం పోటీపడి స్థానిక కౌన్సిలర్ చేతిలో ఓడిపోయింది. అంటే మే ఎన్నికల బ్యాలెట్ దాకా కూడా రాలేదు.

ఎడ్మంటన్ టీచరమ్మ

బాబాయ్ గారు కాల్గరీ కళ్లతో చెప్తున్నారు. మా ఊరి సంగతి వేరు. ఎడ్మంటన్‌లో 19 సీట్లుంటే 19 ఎన్డీపీయే గెలిచింది. స్ట్రాత్‌కోనాలో నాట్లీకి 82 శాతం వచ్చింది. ఇక్కడ చీలడానికి అవతల ఏం మిగిలింది? మాది గవర్నమెంటు ఉద్యోగుల ఊరు, యూనివర్సిటీ ఊరు, అందుకే వెక్కిరింతగా "రెడ్‌మంటన్" అంటారు.

ఇంకొకటి. నాట్లీని గాలివాటంగా గెలిచిన మనిషిలా చెప్తే నేను ఒప్పుకోను. వాళ్ల నాన్న గ్రాంట్ నాట్లీ కూడా ఇదే పార్టీ నాయకుడు, 1984లో విమాన ప్రమాదంలో పోయారు. ముప్పై ఏళ్ల తర్వాత కూతురు ప్రీమియర్ అయ్యారు. ఆ రాత్రి మా స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో అప్పటిదాకా రాజకీయం మాట్లాడని వాళ్లు కూడా ఎన్డీపీ రంగైన ఆరెంజ్ పువ్వులు పెట్టారు. ఆమెను చూసి ఓటేసినవాళ్లు చాలామంది.

పైప్‌లైన్ బాబాయ్

టీచరమ్మ గారూ, ఎడ్మంటన్ విషయంలో ఒప్పుకున్నాను. డిబేట్ చూసినవాళ్లెవరూ నాట్లీని తీసిపారేయరు. మా ఆవిడైతే మీకో దండం పెట్టమంది.

బాబు రెండో ప్రశ్న మిగిలిపోయింది, పీసీ ఏమైపోయిందని. కొత్త ప్రభుత్వం చేసిన మొట్టమొదటి చట్టం ఏంటో తెలుసా? కంపెనీలు, యూనియన్లు పార్టీలకు చందాలివ్వడం నిషేధం. యూనియన్ల చందా పోతే ఎన్డీపీకీ నష్టమే, కానీ పీసీకి అది ఊపిరి. అధికారం పోయింది, చందా పోయింది, ఎడ్మంటన్ మొత్తం పోయింది. 44 ఏళ్లు అధికారమే జిగురుగా అతుక్కున్న పార్టీకి అది లేకపోతే ఏముంటుంది?

అక్కడికి జేసన్ కెనీ దిగాడు. ఇతనూ హార్పర్ దగ్గర మంత్రే. ఒట్టావాలో 2003లో కుడివైపు పార్టీలు రెండూ కలిసి కన్జర్వేటివ్ పార్టీ అవడం దగ్గర్నుంచి చూసినవాడు. అదే మందు ఇక్కడ వాడాడు. 2017 మార్చిలో పీసీ నాయకత్వం గెలిచాడు, అదీ పార్టీని మూసేస్తానని చెప్పి మరీ! జులైలో రెండు పార్టీల సభ్యులూ 95 శాతం చొప్పున విలీనానికి ఓటేశారు. అలా పుట్టింది యూసీపీ, అంటే యునైటెడ్ కన్జర్వేటివ్ పార్టీ. 2019లో 63 సీట్లు వాళ్లవి, 24 ఎన్డీపీవి, మూడో పార్టీకి సున్నా. ఒక్క టర్మ్‌కే ఇంటికెళ్లిన ప్రభుత్వం ఆల్బర్టా చరిత్రలో అదే మొదటిది.

2015 వల్ల నిజంగా మారింది ఇదే అనుకుంటాను. ఇంతకుముందు ఇక్కడ పద్ధతేంటంటే, ఒక పార్టీ దశాబ్దాలు ఏలుతుంది, ఒక రోజు కుప్పకూలుతుంది, మళ్లీ లేవదు. లిబరల్స్ 1921లో, రైతుల పార్టీ 1935లో, సోషల్ క్రెడిట్ 1971లో, పీసీ 2015లో. ఎన్డీపీ మాత్రం ఓడిపోయి కూడా ప్రతిపక్షంగా గట్టిగా నిలబడింది. 2023లో యూసీపీ 49, ఎన్డీపీ 38. మళ్లీ ఆ రెండే. చీలికంటే హడలు కాబట్టి కుడివైపు వాళ్లు ఇప్పుడు తగువంతా ఒకే ఇంట్లో పడుతున్నారు. 2022 మేలో కెనీకి సొంత పార్టీ సభ్యుల సమీక్షలో 51.4 శాతమే వచ్చింది, రాజీనామా ప్రకటించాడు. అక్టోబర్‌లో ఆ ప్రీమియర్ కుర్చీలోకి వచ్చిందెవరనుకున్నావ్? 2014లో గోడ దూకిన డేనియెల్ స్మిత్! నా పక్క సీటు పెద్దాయన అప్పటికి రిటైరయ్యాడు. ఫోన్ చేస్తే ఐదు నిమిషాలు నవ్వి, "సరే, సభ్యత్వం రెన్యూ చేశాలే" అన్నాడు. 2025లో యూసీపీ బయటికి పంపిన ఇద్దరు ఎమ్మెల్యేలు పాత పీసీ పేరును మళ్లీ బతికిస్తామని బయల్దేరారు. ఆ పేరు మీద జనానికి ఇంకా మమకారం ఉన్నట్టుంది.

చలికి_కొత్త

బాబాయ్ గారూ, ఇంత ఓపికగా చెప్పినందుకు థ్యాంక్స్. ఇక్కడ మన తెలుగాయన మంత్రిగా చేశారని విన్నాను. ఆయనకీ దీనికీ సంబంధం ఉందా?

పైప్‌లైన్ బాబాయ్

ఉంది, పైగా అది నా రైడింగే (నియోజకవర్గమే)! నార్త్‌వెస్ట్‌లో కాల్గరీ-ఫుట్‌హిల్స్. మే 5 రాత్రి ప్రెంటిస్ తన సీటు గెలిచి కూడా పార్టీ పదవికీ ఆ సీటుకీ కలిపి రాజీనామా చేశాడు. మాకు అప్పుడు ఒళ్లు మండింది. నేను వేసిన ఓటు ఒక్క రాత్రి కూడా నిలవలేదు. (మరుసటి ఏడాది అక్టోబర్‌లో పాపం విమాన ప్రమాదంలో చనిపోయాడు. ఆ వార్త విన్నాక ఆ కోపం తలుచుకుంటే సిగ్గేసింది.)

సెప్టెంబర్ 3న ఉప ఎన్నిక. వైల్డ్‌రోజ్ తరఫున ప్రసాద్ పండా నిలబడ్డారు. మన తెలుగాయనే, ఆయిల్ కంపెనీలో పనిచేసిన ఇంజనీరు. ఆయన గెలిచారు, ఎన్డీపీ రెండు, నాలుగు నెలల క్రితం ప్రీమియర్ సీటైన చోట పీసీ మూడు. తర్వాత యూసీపీలో ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ మంత్రి అయ్యారు, 2023లో ఎడ్జ్‌మాంట్‌లో ఎన్డీపీ చేతిలో ఓడిపోయారు.

నేను ఆ ఉప ఎన్నికలో పార్టీ చూసి ఓటేశానా అంటే లేదు. పేరు చూసి వేశాను. పిచ్చి పని అని మా ఆవిడ వారం రోజులు సాధించింది. అక్టోబర్ 19న ఫెడరల్ ఎన్నికలు కూడా వచ్చాయి. సిటిజన్ అయిన మొదటి ఏడాదే మూడుసార్లు ఓటు. 2023లో ఎవరికి వేశానో మాత్రం అడక్కు, ఈ పోస్టులు తను కూడా చదువుతుంది.

అన్నట్టు, 2027కి సీట్లు 87 నుంచి పెంచుతున్నారు, హద్దులు మారతాయి. నీ రైడింగ్ ఏదో ఇప్పుడే ఖాయం అనుకోకు. ఎన్నికలు దగ్గరపడ్డాక ఎలక్షన్స్ ఆల్బర్టా సైట్‌లో పోస్టల్ కోడ్ కొట్టి చూసుకో.