పందుల దొడ్డికి గోడా గచ్చూ తప్పనిసరా? సర్వి గుంజల కంచె చాలదా?

కావలి తమ్ముడు:
అందరికీ నమస్కారం. మాది కావలి పక్కన, సముద్రానికి దగ్గర్లో ఇసుక నేల. పది ఆడ పందులు, ఒక పోతుతో మొదలుపెట్టాలని ఖాయం చేసుకున్నా. తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ వాళ్ళ సంకర జాతి తెద్దామనుకుంటున్నా. దొడ్డి విషయంలోనే ఇంట్లో మాట తెగటం లేదు. చుట్టూ ఐదడుగుల ఇటుక గోడ, కింద గచ్చు లేకుండా పని మొదలెట్టొద్దంటాడు నాన్న. మా మామకు సర్వి తోపు ఉండాది. "గుంజలు నేనిస్తా, మట్టి నేల మీదే కంచె కట్టు, మిగిలిన డబ్బు మేతకు దాచుకో" అంటాడు. నాకైతే మామ చెప్పిందే సబబనిపిస్తోంది. గోడకు పోసిన సొమ్ము తిరిగి రాదు, మేత లేకపోతే పంది బతకదు. అనుభవం ఉన్నోళ్ళు చెప్పండి.

పొదిలి మేస్త్రి:
తమ్ముడూ, గుంజలు చాలవు. అట్టని ఐదడుగుల గోడా అక్కర్లేదు. పంది బలమంతా మెడలో, ముట్టెలో ఉంటది. గోడను గుద్ది పడగొట్టదు, కింద సందు వెతికి పైకి ఎత్తుద్ది. అందుకని దొడ్డి గట్టితనం నేల నుంచి రెండున్నర అడుగుల లోపలే తేలిపోద్ది. ఆ పైన నువ్వు గుంజలు పెట్టినా, ఇనప పైపులు పెట్టినా నిలబడతాయి.

మీ ఇసుక నేలలో పునాది అడుగున్నర లోతు తవ్వి, కింద రాయి పరిచి, సిమెంటు దిమ్మెలతో రెండున్నర అడుగులు లేపు. లోపల ముఖానికి ప్లాస్టింగు గట్టిగా చెయ్యి, మూలలు గుండ్రంగా తిప్పు. మూల పదునుగా ఉంటే ముట్టెతో గీకి గీకి పెచ్చులూడదీస్తాయి, పేడ కూడా అక్కడే పేరుకుంటది. మా వైపు చీమకుర్తి గ్రానైటు క్వారీల్లో పనికిరాని పలకలు, అంచు ముక్కలు దొరుకుతాయి. లోపలివైపు అడుగున్నర ఎత్తు వరకు వాటిని నిలబెట్టి సిమెంటులో కూరిస్తే ముట్టెకు పట్టు దొరకదు. నేను ఎక్కువ కట్టింది అట్టాగే. లారీ బాడుగ కలుపుకున్నా గిట్టుబాటయితే నువ్వూ తెప్పించుకో.

గుంజలు వాడేటట్టయితే వాటి మొదళ్ళు మట్టిలో పాతొద్దు, చెదలు పడతాయి. గోడ మీద సిమెంటు దిమ్మెలో నిలబెట్టు. అడ్డ బద్దలు లోపలివైపు నుంచి కొట్టు. బయటివైపు కొడితే పంది ఒక్క తోపు తోసిందంటే మేకులు ఊడొస్తాయి. లోపలుంటే అది తోసేకొద్దీ బద్ద గుంజకే ఆనుకుంటది.

గోడ సంగతి కన్నా ముందు గేటు సంగతి చూసుకో. నేను మరమ్మతుకు పోయిన చోట్ల గోడ పగిలి పందులు పోయింది తక్కువ, గేటు ఊడి పోయిందే ఎక్కువ. రెండు కీళ్ళ మేకులూ పైకే చూస్తుంటే పంది ముట్టె కింద దూర్చి గేటు మొత్తాన్ని లేపేస్తది. కింది కీలు మేకు పైకి, పై కీలు మేకు కిందికి చూడాల. గేటు లోపలికి తెరుచుకోవాల, అప్పుడు పంది నెట్టినా గడియ మీద బరువు పడదు. కింద రెండంగుళాల కంటే ఎక్కువ సందు ఉంచొద్దు.

ఆత్మకూరు అక్క:
మేస్త్రి అన్న గేటు గురించి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. గచ్చు దగ్గర మాత్రం నేను ఒప్పుకోను.

మేము ఎరుకలోళ్ళం. మా అమ్మమ్మ నాటి నుంచీ నల్ల పందులే మా ఇంటికి ఆధారం. పంది తవ్వే జీవం. దాన్ని గచ్చు మీద పడేస్తే గిట్టలు అరిగిపోతాయి, మోకాళ్ళు వాస్తాయి, పనిలేక ఒకదాని తోక ఒకటి కొరుక్కుంటాయి. ఈనేముందు ఆడ పంది గడ్డీ ఆకులూ నోటితో తెచ్చి గూడు పేర్చుకుంటది. ఆ గూడు గచ్చు మీద ఎట్ట పేర్చుకుంటది? కప్పు కింద కొంత, బయట మట్టి వాకిలి కొంత ఉంటేనే దానికి సుఖం.

ఇంకొక మాట. సబ్సిడీ వస్తది, మంచి షెడ్డు కట్టుకోండని అందరూ చెప్తారు. జాతీయ పశుసంపద మిషన్‌లో 50 శాతం సబ్సిడీ ఉండాది, నిజమే. అది 50 ఆడ పందులు, 5 పోతులుండే యూనిట్‌కి 15 లక్షల వరకు, 100 ఆడ పందులు, 10 పోతులుంటే 30 లక్షల వరకు. నాలుగైదు పందులు పెట్టుకున్న మా బోటోళ్ళం ఆ వాకిట్లోకే పోలేం. ఊళ్ళో పందులు తిరిగితే మున్సిపాలిటీ లారీలో ఎక్కించుకు పోతది. కట్టేసి పెంచుకుందామంటే స్థలం ఎవరిస్తారు, గచ్చుకు డబ్బెవరిస్తారు? గచ్చు లేనిదే దొడ్డి కాదనే మాట మా పొట్ట మీద పడుతుండాది. తమ్ముడి మామ చెప్పిన కంచెను తీసిపారేయకండి. గట్టిగా ఎట్ట కట్టాలో చెప్పండి.

ఒంగోలు పశువైద్యుడు:
అమ్మా, మీ మాటలో న్యాయముంది. పందిని నేల తవ్వనివ్వాలనే దానితో నాకు పేచీ లేదు. కానీ దొడ్డి కట్టేది పంది బయటికి పోకుండా మాత్రమే కాదు, జబ్బు లోపలికి రాకుండా కూడా. నా భయమంతా అక్కడే.

ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మన దేశంలో మొదట 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడింది. దానికి మందు లేదు. వచ్చిందంటే మందలో దాదాపు అన్నీ పోతాయి. తేలిన చోటి నుంచి కిలోమీటరు లోపలి పందులన్నింటినీ చంపి పూడ్చేయాలి. మీ పందులు ఆరోగ్యంగా ఉన్నా, పక్కవాడి దొడ్డిలో వస్తే మీవీ పోతాయి. మనుషులకు అది అంటదు గానీ మనిషి చెప్పులకు, బట్టలకు, బండి చక్రాలకు అంటుకుని వస్తుంది. పంది మాంసంలో నెలల తరబడి బతుకుతుంది. హోటల్ ఎంగిళ్ళు తెచ్చి ఉడకబెట్టకుండా పోస్తే ఎంత గట్టి గోడ ఉన్నా లాభం లేదు. కనీసం అరగంట తెర్లేలా కాచాలి.

గచ్చును కడిగి, సున్నం కొట్టి, మందు చల్లి ఖాళీగా ఉంచగలం. మట్టిని అట్లా శుభ్రం చేయలేం. నులిపురుగుల గుడ్లు మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటాయి. ఇక ఊరంతా తిరిగే పంది మనిషి మలం తింటే బద్దెపురుగు తిత్తులు దాని కండలోకి చేరతాయి. సరిగ్గా ఉడకని ఆ మాంసం తిన్నవాడి పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది. దాని గుడ్లు నీళ్ళలోనో తిండిలోనో ఇంకొకరి కడుపులోకి పోతే మెదడులో తిత్తులు కట్టి మూర్ఛలొస్తాయి. మూసిన దొడ్డి ఆ గొలుసును తెంచుతుంది. అందుకే కట్టేసి పెంచమంటున్నాను, మీ జీవనం మీద కోపంతో కాదు.

ఉదయగిరి మెట్ట:
డాక్టరు గారు చెప్పిందానికి మా వైపు సంగతి ఒకటి. వెలిగొండల అంచున మా చేలు. రాత్రయితే అడవి పందులు దిగుతాయి. అదే జబ్బు వాటికీ వస్తదంట గదా. ఒక్క వరస కంచె ఉంటే అవతలి పంది, ఇవతలి పంది ముట్టె ముట్టె ఆనించుకుంటాయి. అందుకని మేము దొడ్డికి నాలుగడుగులు ఎడం ఇచ్చి బయట ఇంకో కంచె వేశాం. బయటిదానికి జాలీ అడుగులోతు పూడ్చాం, లేకపోతే కిందనుంచి దూరతాయి. కుక్కలు కూడా ఆగినాయి.

గచ్చు కావాలనేవాళ్ళు నీళ్ళ లెక్క కూడా చెప్పాల. పాలిచ్చే పంది తాగడానికే రోజుకు పాతిక లీటర్ల దాకా కావాల. గచ్చు కడగను అంతకన్నా ఎక్కువ పోతాయి. ఎండాకాలం మా బోర్లలో వచ్చేది గంట ధార. కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ నీళ్ళ బాధ చెప్పక్కర్లేదు. ఇంటికే నీళ్ళు కొనుక్కునే ఊళ్ళో రెండు పూటలా గచ్చు కడుగు అంటే ఎట్ట? ఊక పరుపు సంగతి ఎవరైనా చెప్పండి. నెల్లూరులో రైసు మిల్లులున్నంత కాలం ఊకకు కొదవ లేదు. రెండడుగుల మందాన పోసి దాని మీదే పెంచితే కడిగే పనే ఉండదంటున్నారు.

ఒంగోలు పశువైద్యుడు:
ఊక పరుపు ఈశాన్య రాష్ట్రాల కొండల్లో బాగా నడుస్తుంది. పేడ, ఉచ్చ కలిసి ఊక లోపల పులిసి వేడి పుడుతుంది. చలి ప్రాంతంలో ఆ వేడి మేలు చేస్తుంది. పందికి చెమట పట్టి ఒళ్ళు చల్లబడే గుణం దాదాపు లేదు. మే నెలలో నెల్లూరు ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు కింద పరుపు కూడా వేడెక్కితే అది ఎక్కడికి పోతుంది? రొప్పి రొప్పి చూడి పందులు ఈసుకుపోతాయి. కావాలంటే వానాకాలం, చలికాలం పలచగా పరవండి. ఎండాకాలం ఎత్తేసి చేలో వేసుకోండి.

ఉదయగిరి వారి రెండు కంచెల పద్ధతి చాలా మంచిది. అందరూ చేయాల్సిన పని.

సింగరాయకొండ:
వేడి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. తమ్ముడి నాన్న గారు అడిగే ఐదడుగుల మూత గోడ సముద్రం పక్కన పెద్ద తప్పు. సాయంత్రం వచ్చే గాలే మన జీవాలకు ప్రాణం. పంది పడుకున్న ఎత్తులో గాలి తగలాలి. మేస్త్రి చెప్పిన రెండున్నర అడుగుల గోడలోనే అక్కడక్కడా చువ్వల కంతలు వదిలించు. పోతు గదికి మాత్రం మొత్తం నాలుగున్నర అడుగులు ఉండాలి, అది ముందుకాళ్ళు గోడ మీద వేసి చూస్తుంది. షెడ్డు పొడుగు తూర్పు పడమర పెట్టు, ఎండ లోపలికి తక్కువ పడుతుంది. చూరు ఎనిమిది అడుగులకు తగ్గొద్దు. రేకు వేస్తే పైన సున్నం కొట్టి తాటాకు పరువు.

తుపాను గురించి ఎవరూ మాట్లాడలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు రేకులు ఎగిరిపోయినవి ఎన్నో చూశాం. గోడ గట్టిగా ఉండి కప్పు లేచిపోతే పిల్లలన్నీ తడిసి చలికి చస్తాయి. రేకుకు జె బోల్టులు దగ్గర దగ్గరగా వెయ్యి, అంచు వరసలో ఇంకా దగ్గరగా. నేల చుట్టుపక్కల కంటే అడుగున్నర ఎత్తుండాలి. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు దగ్గర హైవేనే తెగిపోయింది. మన వర్షాలు కార్తీకంలోనే కదా. ఇంకొకటి, సముద్రపు ఇసుకతో కాంక్రీటు కలపనీయకు. ఉప్పుకు లోపలి చువ్వలు తుప్పుపట్టి గోడ పగులుద్ది.

కావలి తమ్ముడు:
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. ఎంత చోటు వదలాలో కూడా చెప్పండి డాక్టరు గారూ. అక్క చెప్పిన మట్టి వాకిలి ఉంచితే నిజంగా అంత ప్రమాదమా? గచ్చు మీద తిరగలేక కుంటిపడిన పందులను నేనూ ఒక ఫారంలో చూశాను.

ఒంగోలు పశువైద్యుడు:
కప్పు కింద ఈనే పందికి 7 నుంచి 9 చదరపు మీటర్లు, పోతుకు 6 నుంచి 7, పెరిగే పిల్లకు వయసును బట్టి 0.9 నుంచి 1.8. అంత చోటు బయట కూడా ఉంటే మంచిది. ఈనే గదిలో గోడకు 8 నుంచి 10 అంగుళాల ఎడంగా, నేలకు అంతే ఎత్తులో చుట్టూ పైపు వేయండి. తల్లి గోడకు జారగిలబడి పడుకునేటప్పుడు పిల్లలు ఆ సందులోకి తప్పుకుంటాయి. ఒక్క పైపు లేక ఈతకు రెండు మూడు పిల్లలు నలిగి చనిపోవడం నేను తరచూ చూసే విషయం. చూడికాలం 114 రోజులు. ఆ కష్టమంతా ఒక రాత్రిలో పోతుంది.

కుంటితనం గచ్చు వల్ల కాదు, నున్నటి గచ్చు వల్ల. తడిస్తే జారి తొంటి దగ్గర దెబ్బతింటుంది.

పొదిలి మేస్త్రి:
అవును సార్. గచ్చు వేసేటప్పుడు పచ్చిగా ఉండగానే చీపురుతో అడ్డంగా గీతలు లాగాల. వాటం పది అడుగులకు మూడంగుళాలు చాలు. ఎక్కువ పెడితే చూడి పందికి కాళ్ళు నిలవవు, తక్కువ పెడితే ఉచ్చ నిలుస్తది. పది రోజులన్నా నీళ్ళు కట్టి, బాగా కడిగినాకే జీవాలను వదలండి. కొత్త సిమెంటు గిట్టలను తినేస్తది.

ఆత్మకూరు అక్క:
డాక్టరు గారూ, మట్టి శుభ్రం కాదన్నారు. వాకిలిని రెండు ముక్కలు చేసి ఒకదాంట్లో పందుల్ని వదిలితే, రెండోదాన్ని దున్ని జొన్నో పిల్లిపెసరో చల్లి ఎండకు వదిలేస్తాం. పైరు కోసినాక మారుస్తాం. ఏటా రెండు మార్లు పురుగుల మందు పోస్తాం. నులిపురుగులు పూర్తిగా పోవని మాకూ తెలుసు. మందు పోస్తూ సాకుతాం. బురద గుంత కూడా తీసేయమంటారు అందరూ. ఎండాకాలం అది లేకుంటే మా నల్ల పంది బతకదు.

ఒంగోలు పశువైద్యుడు:
వాకిలి మార్చే పద్ధతికి నేను అడ్డుచెప్పను, బయట రెండో కంచె ఉంటే. బురద గుంత బదులు సిమెంటు తొట్టి కట్టి వారం లోపలే నీళ్ళు మార్చేస్తే దోమ పిల్లలు రెక్కలు కట్టవు. మెదడువాపు వ్యాధి వైరస్ పందిలో పెరుగుతుంది, వరిచేల్లో పుట్టే దోమ దాన్ని మనిషికి చేరుస్తుంది. మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది 1955లో, పక్కనున్న వేలూరు ప్రాంతంలోనే. నెల్లూరంటే వరి. దొడ్డి ఇళ్ళకు ఎంత దూరముంటే అంత మంచిది. గచ్చు విషయంలో మాత్రం ఈనే గదికి తప్పదనే అంటాను.

ఆత్మకూరు అక్క:
ఈనే గదికి సరే. మిగతావాటికి మట్టి వాకిలి ఉండాల్సిందే. ఆ మాట మీద నేను నిలబడతా.

కావలి తమ్ముడు:
నాన్నకూ మామకూ ఇద్దరికీ చదివి వినిపించాను. ఈనే గదులకు, మేత తొట్టి ముందర గచ్చు. చుట్టూ రెండున్నర అడుగుల గోడ, పైన మామ సర్వి బద్దలు, లోపలివైపు కొట్టించి. వెనక రెండు మట్టి వాకిళ్ళు, వాటి చుట్టూ ఎడం ఇచ్చి జాలీ. గుంజలకు వాడేసిన ఇంజను ఆయిలు పూస్తానంటున్నాడు మామ, చెదలకు మంచిదని. పూయొచ్చా?

ఒంగోలు పశువైద్యుడు:
పంది నోటికి అందేచోట వద్దు, కొరికి తింటుంది. బయటి కంచె గుంజల మొదళ్ళకు పూసుకోండి.

పొదిలి మేస్త్రి:
పెంట గుంత ఎక్కడ తవ్వుతుండావో చెప్పలేదు తమ్ముడూ. మీది ఇసుక నేల, ఉచ్చ నేరుగా ఇంకి బోరులోకి దిగుతది. బోరుకు దూరంగా, పల్లం వైపు గుంత పెట్టి లోపల సిమెంటు చేయించు. గోడ పని మొదలెట్టకముందే దాని చోటు కొలిచి పెట్టు, వాటం అంతా దానివైపే తిప్పాల. బోరు ఏ మూలన ఉందో, నేల ఎటు వాలి ఉందో రాయి, కొలతలు నేను వేసిస్తా.