తాతయ్య పెట్టెలో దొరికిన నలుచదరపు కంచు నాణెం ఎవరిది?

బర్కత్‌పుర మనవరాలు:
పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే తాతయ్య ట్రంకుపెట్టె అడుగున, చిన్న గుడ్డ మూటలో ఇది దొరికింది. నాలుగు మూలలతో పలకలా ఉంది, నగల కొట్లో తూకం వేయిస్తే 9.4 గ్రాములు. ఒకవైపు బాణం పట్టుకుని నిలబడ్డ మనిషి, రెండోవైపు ముక్కాలిపీట. నెట్‌లో చూస్తే అతను గ్రీకు దేవుడు అపోలో అనీ, కాబట్టి ఇది ఇండో-గ్రీక్ (వాయవ్య భారతాన్ని ఏలిన గ్రీకు) రాజు అపొలోడోటస్ నాణెం అనీ వస్తోంది. అంతేనా? అమ్మేమో చింతపండు పెట్టి తోమితే అక్షరాలు తేలతాయంటోంది, నేనే ఆపాను.

తూకంరాయి:
ఆపి చాలా మంచి పని చేశారండీ! చింతపండు ఇత్తడి బిందెలకి సరే గానీ, కంచు మీద ఇన్ని శతాబ్దాలుగా పట్టిన పచ్చటి పొరని ఆ పులుపు తినేస్తుంది, దాంతోపాటే సన్నటి గీతలూ పోతాయి. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టండి, అంతే.

ఇక బొమ్మని బట్టి రాజుని తేల్చొద్దు. అపోలో, ముక్కాలిపీట జోడీని మొదటి అపొలోడోటస్ (క్రీ.పూ. 180–160 ప్రాంతం) వేయించాడు, ఆ తర్వాత స్ట్రాటో అనే ఇంకో ఇండో-గ్రీక్ రాజు వేయించాడు, మొదటివాడికి దాదాపు వందేళ్ల తర్వాత రెండో అపొలోడోటస్ కూడా అదే వేయించాడు. పేరు చదవాల్సిందే. గదిలో లైట్లు ఆపేసి ఫోన్ టార్చ్‌ని బల్లకి ఆనించి పక్కనుంచి వేయండి. అపోలో వైపున్న గ్రీకు రాతలో రెండు సున్నాల మధ్య గుడారాల్లాంటి అక్షరాలు రెండు, ఆ వెంటనే త్రికోణం కనిపిస్తే అపొలోడోటసే. స్ట్రాటో పేరులో జంట గుడారాలుండవు.

లిపిపిచ్చి:
పీట వైపు ఉన్నది ఖరోష్ఠి, అంటే వాయవ్య భారతపు పాత లిపి, కుడి నుంచి ఎడమకి చదవాలి. 'మహరజస అపలదతస త్రతరస' అని ఉండాలి. దీర్ఘాలు రాయరు కాబట్టి మహారాజు మహరజ అయ్యాడు, త్రతర అంటే రక్షకుడు. 1830ల్లో జేమ్స్ ప్రిన్సెప్ అనే ఇంగ్లీషు పండితుడు ఖరోష్ఠిని చదవగలిగింది ఇలా గ్రీకు, ఖరోష్ఠి రెండు లిపులూ ఉన్న నాణేల వల్లే, అందుకే నాకు ఇవంటే ప్రాణం.

తూకంరాయి:
అంచు కూడా చూడండి. చుట్టూ సన్నటి అతుకు గీత, పైన సూదిపొడుపుల్లాంటి గాలిబుడగల గుంటలు ఉంటే పోతపోసిన నకిలీ అని అనుమానించాలి.

బర్కత్‌పుర మనవరాలు:
అతుకు లేదు! త్రికోణం స్పష్టంగా ఉంది, అక్షరాలు పొందిగ్గా, సున్నాలు గుండ్రంగా ఉన్నాయి. పీట పక్కన ఒకదాంట్లో ఒకటి అల్లిన అక్షరాల గుర్తు కూడా ఉంది.

తూకంరాయి:
అయితే మొదటివాడి వైపే మొగ్గుతాను, చివరి రాజుల కాలానికి అక్షరాలు మొరటుగా, సున్నాలు నలుచదరంగా మారిపోతాయి. ఆ గుర్తే మోనోగ్రామ్, కాగితం మీద గీసి పెట్టండి, కేటలాగ్‌లో దాంతోనే సరిపోల్చాలి.

బర్కత్‌పుర మనవరాలు:
రాత్రికి గీసి పెడతాను. జంట గుడారాలు నాకంటే ముందు అమ్మకే కనిపించాయి.