స్కాటిష్ ట్రెడిషనల్ మ్యూజిక్ డిగ్రీ ఆడిషన్‌లో కాగితం చూసి వాయించమనడం న్యాయమేనా?

గ్లాస్గో_నాన్న:
మా పాప ఎస్ సిక్స్‌లో ఉందండీ, అంటే మన ఇంటర్ సెకండియర్ అనుకోండి. ఫిడిల్ వాయిస్తుంది. ఇక్కడి రాయల్ కన్సర్వటాయిర్ అనే సంగీత కళాశాలలో ట్రెడిషనల్ మ్యూజిక్ డిగ్రీకి అప్లై చేస్తానంటోంది, నాలుగేళ్ల కోర్సు. మొదట్లో నేనూ దానికి డిగ్రీ ఏంటమ్మా అన్నాను, అబద్ధం ఎందుకు. ఇప్పుడు గొడవ అది కాదు. పిల్ల నేర్చుకున్నదంతా చెవితోనే, చిన్నప్పట్నుంచీ శనివారం క్లాసు, ఆ తర్వాత పెద్దవాళ్లు కలిసి వాయించుకునే సెషన్‌లో ఓ మూల కూర్చుని. ట్యూన్ మూడుసార్లు వింటే పట్టేస్తుంది. స్వరాలు రాసిన కాగితం (నొటేషన్) పెడితే మాత్రం ఒకటో క్లాసు పిల్లలా కూడబలుక్కుంటుంది. మొన్న ఒకచోట ఉత్తుత్తి ఆడిషన్ పెట్టారు, మార్చ్, స్ట్రాత్‌స్పే, రీల్ అనే మూడు రకాల ట్యూన్లు కలిపిన సెట్ దడదడలాడించేసింది, తర్వాత ఎప్పుడూ చూడని జిగ్ అనే డాన్స్ ట్యూన్ ఒకటి స్టాండ్ మీద పెట్టారు, నాలుగో బార్‌లో ఆగిపోయింది. ఇంటికొచ్చేదాకా కార్లో నోరు విప్పలేదు. కోర్సువాళ్లు ఈ ఏడాది ఏం అడుగుతారో వాళ్ల పేజీలో చూసుకుంటాం లెండి, నా ప్రశ్నల్లా ఒకటే: సంప్రదాయం అని బోర్డు పెట్టుకుని ఇలాంటి పరీక్ష పెట్టొచ్చా?

అడ్డసవాల్:
పెట్టాలి. డిగ్రీ అంటే డిగ్రీనే కదండీ, రేపు స్కూల్లో టీచరైతే పిల్లలకి పార్ట్‌లు రాసివ్వాలి, బ్యాండ్‌లో పడితే రిహార్సల్లో ఎవడో అరేంజ్‌మెంట్ చేతిలో పెడతాడు, అప్పుడు మూడుసార్లు వాయించండి విని నేర్చుకుంటా అంటుందా? ఇంకో మాట, స్కాటిష్ ఫిడిల్ అంతా నోటి సంప్రదాయం అనేది మనం అల్లుకున్న కథ. నీల్ గౌ అనే ఫిడిల్ విద్వాంసుడు 1784లోనే స్ట్రాత్‌స్పే రీల్స్ సంకలనం అచ్చేయించాడు. తర్వాతి కాలపు ఫిడిలర్ స్కాట్ స్కిన్నర్ అయితే తన ట్యూన్లు రాసి, అచ్చేసి, అమ్మాడు. కాగితం అక్కడ రెండొందల ఏళ్లకి పైగా ఉంది.

పైపుల_పిచ్చోడు:
అడ్డసవాల్ అన్నా, కాగితం ఉందన్నావు బానే ఉంది, కానీ దానిమీద ఏముందో చూశావా? నేను ఫాల్కర్క్‌లో ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు బ్యాగ్‌పైప్ నేర్చుకుంటున్నా, ఐదేళ్లయింది, ఇంకా పక్కింటివాళ్లు నాతో సరిగ్గా మాట్లాడరు. మా చాంటర్‌లో, అంటే వేళ్లతో వాయించే గొట్టంలో, ఉన్నవి తొమ్మిదే స్వరాలు, నొటేషన్‌లో ప్రతి గ్రేస్ నోటూ (అలంకారంగా వేసే చిట్టి స్వరం) చీమల బారులా రాసే ఉంటుంది. అయినా పీబ్రోక్, అంటే బ్యాగ్‌పైప్ శాస్త్రీయ సంగీతం, నేర్పేటప్పుడు మా మాస్టారు కాగితం పక్కన పెట్టి హిన్, హో, హా, చే అని పాడతారు, దాన్ని కాంటరాక్ట్ అంటారు, మన మృదంగం వాళ్ల సొల్లుకట్టు లాంటిదే. ఏ స్వరం మీద ఎంతసేపు నిలబడాలో ఆ పాటలోనే తెలుస్తుంది, అచ్చులో దొరకదు. ఆ అక్షరాల్ని కూడా క్యాంప్‌బెల్ అనే ఆయన 1797లో పుస్తకంలోకి ఎక్కించాడు, అది వేరే విషయం. పైపింగ్‌కి నేషనల్ పైపింగ్ సెంటర్‌తో కలిపి వేరే డిగ్రీనే ఉంది. నేననేది, చదవడం రావాలి, కానీ అది వడపోతకి పెట్టే జల్లెడ కాకూడదు.

విజయనగరం_వీధి:
మీరంతా స్కాట్లాండ్ గురించి కొట్టుకుంటుంటే నాకు మా ఊరు గుర్తొస్తోంది. 1919లో మా మహారాజా సంగీత కళాశాల పెట్టినప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు స్టూడెంట్ సీటు కోసం వచ్చారట, ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు వాయులీనం విని నీకు పాఠం చెప్పేవాళ్లు ఇక్కడెవరున్నారు అని ఏకంగా ప్రొఫెసర్‌ని చేశారని మా వీధిలో ఎవర్ని కదిపినా చెప్తారు. నాయుడు గారికి చూపు సరిగ్గా ఆనేది కాదు. ఆ రోజు ఎవరైనా కాగితం చేతిలో పెట్టి చదువు నాయనా అనుంటే?

అడ్డసవాల్:
అండీ, అలాంటివాళ్లు నూరేళ్లకొకరు. వాళ్లని చూపించి అందరికీ రూల్ తీసేద్దాం అంటే ఎలా?

ఆబర్డీన్_అక్క:
నూరేళ్లకొకరు కాదు తమ్ముడూ, ఇక్కడ ఆ సంప్రదాయాన్ని మోసినవాళ్లలో చాలామంది చెవితో నేర్చుకున్నవాళ్లే, ముఖ్యంగా పాటలో. 1953లో జానపద పాటలు సేకరించే హామిష్ హెండర్సన్ మా ఊళ్లో జీనీ రాబర్ట్‌సన్ అనే గాయని తలుపు తట్టాడు, ట్రావెలర్ల (సంచార జాతి) కుటుంబం ఆవిడది, తల్లి దగ్గర విని నేర్చుకున్న బ్యాలడ్లు (కథాగేయాలు). ఆ రోజుల్లో ఎడిన్‌బరా యూనివర్సిటీ వాళ్లు రికార్డు చేసినవి బోలెడు టోబర్ ఆన్ డూఅల్‌ఖిష్ (Tobar an Dualchais) సైట్‌లో ఫ్రీగా వినొచ్చు. ఇవాళ డిగ్రీ పిల్లలు చేసేది ఆ రికార్డింగులు విని నేర్చుకోవడమేగా! మరి గేటు దగ్గర పరీక్ష చెవికి పెట్టాలా, కంటికి పెట్టాలా?

గ్లాస్గో_నాన్న గారూ, పాపకి నా అనుభవం ఒకటి చెప్పండి. నేను మనవైపు కర్ణాటక వయొలిన్ నేల మీద కూర్చుని నేర్చుకుని, ఇక్కడికొచ్చి నిలబడి గడ్డం కింద పెట్టుకున్నదాన్ని. స్ట్రాత్‌స్పేలో స్నాప్ అంటారు కదా, టక్కున పొట్టి స్వరం, వెంటనే సాగే స్వరం. పుస్తకం చూసి లెక్క తప్పకుండా వాయించా. సెషన్‌లో ఓ పెద్దాయన విని, బాగుందమ్మా, కాగితం వినపడుతోంది అన్నాడు. లెక్క ప్రకారం ఒకటికి మూడు, ఆయన వాయిస్తే ఆ పొట్టిది ఇంకా పొట్టి, పైగా బో (కమాను) విసురు వేరు. అది ఒంటబట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది, చదవడం మూణ్నెల్లలో వచ్చేసింది. మూణ్నెల్ల పని రాలేదని రెండేళ్ల పని వచ్చిన పిల్లని వెనక్కి పంపడం నాకైతే పిచ్చితనంలా అనిపిస్తుంది.

అడ్డసవాల్:
మూణ్నెల్ల పనే అయితే వచ్చేముందు ఆ మూణ్నెల్లు కూర్చోవచ్చుగా అక్కా?

ఆబర్డీన్_అక్క:
కూర్చోమనే చెప్తా. నేర్పేవాళ్లు దొరికిన పిల్లలు కూర్చుంటారు. మారుమూల దీవిలో తాత దగ్గర నేర్చుకున్న పిల్లని ఎవరు కూర్చోబెడతారు? కోర్సు ఉన్నదే వాళ్లకోసం కాదా?

పైపుల_పిచ్చోడు:
దీవి అంటే గుర్తొచ్చింది, స్కైలో గేలిక్ కాలేజీలో కూడా ఇలాంటి డిగ్రీ ఉంది, అదీ చూడండి. గ్లాస్గో ఒక్కటే పట్టుకు వేలాడక్కర్లేదు.

గ్లాస్గో_నాన్న:
అందరికీ థాంక్స్. అడ్డసవాల్ గారూ, మీతో ఏకీభవించను గానీ మీ మాటకి భయపడి రోజూ రాత్రి ఒక కొత్త ట్యూన్ కాగితం మీద చదివిస్తున్నా. గమనించిందేంటంటే, ముందు నోటితో కూని రాగం తీసుకుంటోంది, అప్పుడు వాయిస్తోంది, అలా అయితే ఆగట్లేదు. అక్కా, ఒక్క డౌటు. ముందు స్లో ఎయిర్, అంటే నిదానంగా సాగే ట్యూన్, వాయించాలా, సెట్ వాయించాలా?

ఆబర్డీన్_అక్క:
మనకి ఎంచుకునే వీలిస్తే సెట్ ముందు. చేతులు వణికేటప్పుడు స్లో ఎయిర్ ఎత్తుకుంటే ఆ వణుకు మొత్తం బోలోకి దిగుతుంది, దాచుకోడానికి చోటుండదు.