పర్మిషన్ వచ్చింది, మేస్త్రీ పునాదులకు ముగ్గు పోద్దామంటున్నాడు. స్ట్రక్చరల్ డ్రాయింగ్ నిజంగా అవసరమా?

ఖమ్మం మాస్టారు:

అందరికీ నమస్కారం. ఖమ్మం టౌన్ చివర మాకు 200 గజాల జాగా ఉంది. తూర్పు ముఖం, 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. కింద మేముండటానికి, పైన అద్దెకు ఇవ్వటానికి జీ ప్లస్ వన్ అనుకున్నాం. ప్లాన్ గీసే ఆయన చుట్టూ రెండు నెలలు తిరిగి మా నాన్న వాస్తు, మా ఆవిడ వంటగది, నా పుస్తకాల అల్మారా అన్నీ ఎలాగో ఇరికించాం. ముందు ఐదడుగులు, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదిలాం. ఆన్‌లైన్‌లో పెడితే పర్మిషన్ వెంటనే వచ్చేసింది. అంత త్వరగా వస్తుందనుకోలేదు, ఇక ఇల్లు అయిపోయినట్టే అనిపించింది.

శ్రావణంలో ముహూర్తం. మేస్త్రీని పిలిస్తే, "ప్లాన్ చేతిలో ఉంది కదా సార్, ముగ్గు పోసేద్దాం. పన్నెండు పిల్లర్లు, ఒక్కోటి తొమ్మిది బై పన్నెండు అంగుళాలు. ఆరేసి 12 ఎంఎం రాడ్లు. ఐదడుగుల గుంత. ముప్పై ఇళ్లు కట్టాను, ఒక్కటీ పడలేదు" అన్నాడు.

మా స్కూల్లో లెక్కల సారేమో స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించందే గడ్డపార ముట్టుకోవద్దంటాడు. ఆ ఇంజనీరు 18 వేలు అడిగాడు, మట్టి పరీక్ష వేరే. గోడలు, తలుపులు, గదుల కొలతలు అన్నీ ప్లాన్‌లోనే ఉన్నాయి కదా, మళ్లీ ఇంకో డ్రాయింగ్ దేనికి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. అన్నట్టు, మాది నల్లరేగడి నేల.

మేస్త్రీ గారబ్బాయి:

సార్, మా నాన్న పని చేసిన రోజుల్లో ఈ డ్రాయింగులు ఎవరు చూశారు? ఆయన కట్టిన ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కాకపోతే ఒక మాట ఒప్పుకోవాలి. అవన్నీ చిన్న గదులు, మందపాటి గోడలు. ఇప్పుడు అందరూ 16 అడుగుల హాలు అడుగుతున్నారు.

సైటు మీద:

మాస్టారూ, 22 ఏళ్లుగా సైటు ఇంజనీరుగా చేస్తున్నాను. సందేహం సరైన టైములోనే వచ్చింది, చాలామందికి స్లాబు పడ్డాక వస్తుంది.

మీ దగ్గర ఉన్నది పర్మిషన్ ప్లాన్. రోడ్డు వైపు ఎంత వదిలారు, ఎన్ని అంతస్తులు, ఎంత ఎత్తు అని మున్సిపాలిటీ చూసుకోవడానికి గీసిన కాగితం అది. ఆ 12 ఎంఎం రాడ్ల సంగతి దానికి తెలియదు. పిల్లరు, బీము, స్లాబు ఎంత సైజు, వాటిలో ఎంత ఇనుము అని చెప్పేదే స్ట్రక్చరల్ డ్రాయింగ్. పర్మిషన్ వెంటనే వచ్చిందని మురిసిపోకండి. 2020లో తెలంగాణ తెచ్చిన చట్టం ప్రకారం 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇంటికి మీ సొంత ధ్రువీకరణ మీదే అనుమతి ఇస్తారు. అంటే బాధ్యత మీ మెడకే. కట్టింది ప్లాన్‌కు తేడాగా ఉంటే నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా అందులోనే ఉంది.

ఇక పన్నెండు పిల్లర్ల సంగతి. మీరు చెప్పిన ఖాళీలు తీసేస్తే ఇల్లు దాదాపు 23న్నర అడుగుల వెడల్పు, 51 అడుగుల పొడవు వస్తుంది. పన్నెండు పిల్లర్లంటే వెడల్పుకు మూడు, పొడవుకు నాలుగు. 51 అడుగుల్లో నాలుగు వేస్తే పిల్లరుకూ పిల్లరుకూ మధ్య 17 అడుగులు! మీ మేస్త్రీ కట్టిన ముప్పై ఇళ్లలో ఈ దూరం పది, పన్నెండు అడుగులే ఉండి ఉంటుంది. అక్కడ నడిచిన బీమే ఇక్కడా వేస్తే చాలకపోవచ్చు, బీము దిగుతుంది. దాని మీద గోడ పగులుతుంది. మీరు ఏటా పుట్టీ పెట్టించుకుంటూ ఉంటారు. ఇంకోటి, మూలన ఉన్న పిల్లరు మీద పడే బరువు వేరు, నడిమధ్య పిల్లరు మీద పడేది వేరు. అన్నిటికీ ఒకే ఫుటింగు (పిల్లరు కింద వేసే పునాది దిమ్మ), ఒకే ఆరు రాడ్లు అంటే ఒకచోట ఇనుము దండగ, ఇంకోచోట చాలదు. మీ 18 వేలు సగం ఇక్కడే తిరిగొస్తాయి.

నల్లరేగడి మాట చివర్లో ఎందుకు చెప్పారు సార్! ముందు అడగాల్సింది అదే. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఐదడుగులా, ఏడడుగులా అన్నది మేస్త్రీ నోటి లెక్క కాదు, కింద గట్టి మొరం ఎక్కడ తగులుతుందో అక్కడి దాకా. ముగ్గుకు ముందే ఒక గుంత తవ్వించి చూడండి, ఆ మట్టినే పరీక్షకు పంపండి. తవ్విన నల్లమట్టిని మాత్రం బేస్‌మెంట్‌లో నింపనివ్వకండి, మొరం తోలించండి. లేదంటే రెండో వానాకాలానికి మీ టైల్స్ లేస్తాయి.

డ్రాయింగులన్నీ ఇవాళే చేతిలో ఉండక్కర్లేదు. ముగ్గు పోసేనాటికి పిల్లర్ల సెంటర్ లైన్, ఫుటింగు డ్రాయింగ్ ఉంటే చాలు. స్లాబుకు సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కింద కట్టే పలకలు) కొట్టేలోపు స్లాబు డ్రాయింగ్ రావాలి. దాంతోపాటు ఫ్యాన్ బాక్సులు, కరెంటు పైపులు, బాత్రూముల దగ్గర స్లాబు ఎంత దింపాలి అన్నవీ తేలాలి. కాంక్రీటు పోశాక గుర్తొస్తే ఇక డ్రిల్లింగ్ మిషనే.

మెట్లకింద:

మాస్టారు గారూ, నాది హన్మకొండ. నా పేరు చూశారుగా, దాని వెనకున్న కథే చెప్తాను.

నేనూ పర్మిషన్ ప్లాన్ పట్టుకునే కట్టాను. అందులో మెట్ల కింద చక్కగా ఒక డబ్బా గీసి, 'టాయిలెట్' అని రాసి ఉంది. పిల్లర్లు లేచాయి, స్లాబు పడింది, మెట్లకు సెంట్రింగ్ కొట్టారు. ఒకరోజు సాయంత్రం మా అమ్మ వచ్చి ఆ డబ్బా దగ్గర నిలబడి, "ఇందులోకి ఎవరు పోతారురా, పిల్లలా?" అంది.

లెక్క ఇది. మా ఫ్లోరు ఎత్తు పదిన్నర అడుగులు, మెట్టు ఏడంగుళాలు, మొత్తం 18. మేస్త్రీ అలవాటు ప్రకారం తొమ్మిది, తొమ్మిదిగా పంచాడు. అంటే మెట్లు మలుపు తిరిగే చోట ఉండే ల్యాండింగ్ 5 అడుగుల 3 అంగుళాల దగ్గర వచ్చింది. స్లాబు మందం, ప్లాస్టరింగు తీసేస్తే మిగిలింది 4 అడుగుల 9 అంగుళాలు. ప్లానంటే పైనుంచి చూసిన బొమ్మ, ఎత్తు దాంట్లో కనపడదు. ఇంటిని నిలువుగా కోసి చూపించే సెక్షన్ అని ఇంకో బొమ్మ ఉంటుందట, అది నేను అడగలేదు, వాళ్లు గీయలేదు. ఇప్పుడు అందులో బియ్యం బస్తాలు, ఇన్వర్టర్ ఉన్నాయి. బ్యాటరీలో నీళ్లు పోయడానికి వెళ్లిన ప్రతిసారీ నా తల తగులుతుంది.

ఖమ్మం మాస్టారు:

మీ పోస్టు చదివి పరుగెత్తుకెళ్లి ప్లాన్ తీశాను. మాకూ మెట్ల కింద బాత్రూమ్ ఉంది!

సైటు మీద:

కంగారు పడకండి, కాగితం మీదే ఉంది కదా. మీ ఫ్లోరు ఎత్తు కూడా పదిన్నరే అయితే మొదటి వరుసలో 12 మెట్లు, రెండో వరుసలో 6 వేయమనండి. ల్యాండింగ్ ఏడడుగుల దగ్గరికి వెళ్తుంది, కింద ఆరడుగుల తలుపు పడుతుంది. కానీ 12 మెట్ల వరుసకు, ల్యాండింగుకు కలిపి పన్నెండడుగుల పైనే పొడవు కావాలి. ఆ జాగా ఉందో లేదో ఇంజనీరుతో చూపించుకోండి. ఇలాంటివి పెన్సిల్‌తో మార్చుకుంటే పది నిమిషాల పని.

ఖమ్మం మాస్టారు:

మూడు వారాల తర్వాత వస్తున్నాను, కోప్పడకండి. ఇంజనీరుకు 16 వేలకు బేరం కుదిరింది. గుంత తవ్విస్తే నాలుగున్నర అడుగుల వరకు నల్లమట్టే, ఆ కింద మొరం. ఫుటింగు ఆరడుగులకు వేయమన్నారు. పిల్లర్లు 15 అయ్యాయి. మూడు పెరిగాయని మా ఆవిడ లెక్క అడిగితే, కొన్నిటికి ఇనుము తగ్గించిన కాగితం చూపించాను. మెట్లు 12, 6గా మార్చాం. ఒక పిల్లరు మాత్రం సరిగ్గా మా నాన్న పూజగది తలుపు మధ్యలో వచ్చింది, ఆయనకూ ఇంజనీరుకూ ఇంకా నడుస్తోంది.

ముహూర్తం తప్పించలేదు. ఆ రోజు ఈశాన్యం మూలలో ఒక్క గుంత తీసి పూజ చేశాం, మిగతావి డ్రాయింగ్ వచ్చాకే. మేస్త్రీ రెండ్రోజులు ముభావంగానే ఉన్నాడు. నిన్న మాత్రం గుంతలోకి దిగి, మొరాన్ని గడ్డపారతో నాలుగు పోట్లు పొడిచి చూసి పైకొచ్చాడు. డ్రాయింగ్ జిరాక్స్ తనకూ ఒకటి కావాలన్నాడు, తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టివ్వమన్నాడు.